కట్ట ఎంత ఎత్తు ఉండాలి?

ముందు మీ రూమ్మేట్లను కూడా పిలువమ్మా. ముగ్గురూ తలా కాస్త వేసుకుని కొన్న కారు కదా, ముగ్గురూ వినాల్సిన సంగతే. ఫోను ఆ డబ్బాకి ఆనించి పెట్టు, అందరూ కనిపిస్తారు. మారేడుపల్లిలో మాకు ఆదివారం తెల్లారింది, ఇర్వింగ్‌లో మీకింకా శనివారం రాత్రే. ఎవరికీ తొందర లేదు.

నువ్వు పంపిన కాగితం చూశాను. పాత కరోలాకి రెండు రకాల ఇన్సూరెన్స్ చూపించారు. ఒకదాని మీద 30/60/25 అని ఉంది, ఇంకోదాని మీద 100/300/100. చౌకది చాలంటున్నారు మీవాళ్లు. ఆ మూడంకెలు ఏమిటో తెలిశాక అప్పుడు చెప్పండి, చాలో చాలదో.

అవి వేల డాలర్లు. మీ టెక్సాస్‌లో కారు రోడ్డెక్కాలంటే చట్టం అడిగే కనీసం 30/60/25. మీ తప్పు వల్ల దెబ్బ తగిలిన ఒక్కో మనిషికి కంపెనీ ఇచ్చేది మహా అయితే 30 వేలు. ఒక ప్రమాదంలో ఎంతమందికి దెబ్బలు తగిలినా అందరికీ కలిపి 60 వేలు. ఎదుటివాళ్ల బండి, ప్రహరీ గోడ, కరెంటు స్తంభం లాంటి ఆస్తికి 25 వేలు. మీ కారుకీ మీ ఒంటికీ ఈ మూడింట్లో పైసా లేదు, గుర్తుంచుకోండి.

ఒక లెక్క వేద్దాం. సిగ్నల్ దగ్గర ఆగిన పికప్‌ను మీ కారు వెనక నుంచి గుద్దిందనుకోండి. అందులో ముగ్గురున్నారు. ఒకరి ఆసుపత్రి ఖర్చు 50 వేలు, మిగతా ఇద్దరికీ చెరో 20 వేలు. మొత్తం 90 వేలు. మొదటి మనిషికి 30 మించి రాదు కాబట్టి 30, 20, 20 కలిపి 70 అవుతుంది. రెండో అంకె దాన్ని 60 దగ్గరే ఆపేస్తుంది. ఇంకా 30 వేలు మిగిలింది. పికప్ తుక్కయి 40 వేలు అడిగితే, కంపెనీ ఇచ్చే 25 పోను మరో 15. వెరసి 45 వేల డాలర్లు. డాలరుకి 85 రూపాయలే వేసుకున్నా 38 లక్షలు. అది నడిపిన మనిషి నెత్తిన పడుతుంది. కోర్టు తీర్పు వచ్చిందంటే ఏళ్ల తరబడి వెంట ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో జీతంలోంచి కూడా కోస్తారు.

"మరి మన దగ్గరెప్పుడూ నాన్న పాలసీలో ఇలాంటి అంకెలు చూడలేదేం తాతయ్యా" అంటావు. మంచి ప్రశ్న. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మీ నాన్న పాలసీ తెరిస్తే మనం చూసే అంకె ఒక్కటే, ఐడీవీ. బండి పోతే మనకెంత వస్తుందో అది చెబుతుంది. ఎదుటి మనిషి ప్రాణం పోతే కంపెనీ ఎంతవరకు కడుతుందని సికింద్రాబాద్‌లో కారు నడిపే ఎవర్నైనా అడిగి చూడు, చెప్పలేరు. అడగాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు కాబట్టి. మన దేశంలో దానికి హద్దు లేదమ్మా. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా ఉంటే, ఎదుటివాళ్ల మరణానికీ గాయాలకీ పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంతా కంపెనీ కట్టాల్సిందే. లైసెన్సు లేకుండా నడపడం లాంటి తప్పులు చేస్తే తర్వాత మన దగ్గర వసూలు చేసుకుంటుంది, అది వేరే సంగతి.

ఆ మొత్తం ఎంత దూరం పోగలదో చూడండి. ముప్ఫై ఏళ్ల ఇంజనీరు, పర్మినెంట్ ఉద్యోగం, ఏడాదికి 12 లక్షల జీతం, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. ప్రమాదంలో పోయాడు. ట్రిబ్యునల్ లెక్క ఎలా వేయాలో సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో చెప్పింది, 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేఠీ కేసు. ఆ వయసుకి ముందు ముందు పెరిగే జీతం కింద సగం కలపాలి, 18 లక్షలు. అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేయాలి, 12 లక్షలు. దాన్ని వయసుని బట్టి ఒక గుణకంతో హెచ్చించాలి. 26 నుంచి 30 ఏళ్లకు అది 17. పన్ను సంగతి పక్కన పెడితే 2 కోట్ల 4 లక్షలు. 1000 నుంచి 1500 సీసీ కారుకి 2022లో ప్రభుత్వం ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. ఆ 3,416 కట్టిన మనిషి తరఫున కంపెనీ రెండు కోట్లూ కడుతుంది. ఇది మామూలు రక్షణ కాదు. ఉన్నన్నాళ్లూ మనకి దాని విలువ తెలియదు.

ఇది అన్ని బండ్లకీ మొదట్నుంచీ ఉన్నది కూడా కాదు. మన దేశంలో తప్పనిసరి బీమా 1939 చట్టంలో రాశారు, 1946 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చారు. సొంత కార్లకు అప్పుడూ హద్దు లేదు. లారీలకు మాత్రం 20 వేలు, తర్వాత 50 వేలు, 1982లో లక్షన్నర. అంతకు మించిన నష్టం లారీ యజమాని దగ్గర రాబట్టుకోవాలి. అతని దగ్గర లేకపోతే పోయినవాడి పెళ్లాం పిల్లలు ఏం చేస్తారు? 1988 చట్టం ఆ హద్దు తీసేసింది. మళ్లీ 2016లో వచ్చిన సవరణ బిల్లులో మరణానికి 10 లక్షలు, తీవ్ర గాయానికి 5 లక్షలు దాటి బీమా కంపెనీ కట్టక్కర్లేదని రాశారు. అభ్యంతరాలు వచ్చి ఆ హద్దు తీసేశాకే 2019లో చట్టం అయింది. తీసేయడం చాలా మంచి పని అని నా నమ్మకం. ఆస్తి నష్టానికి మాత్రం మనకీ లిమిట్ ఉంది, కారు పాలసీలో ఏడున్నర లక్షలు. జూబ్లీహిల్స్‌లో తిరిగే ఖరీదైన కార్లకి అదేం సరిపోతుంది!

హద్దు లేని చోట పెరిగినవాళ్లం, హద్దున్న చోటికి వెళ్లి కూడా "ఇన్సూరెన్స్ ఉందిగా" అనేస్తాం. ఉందా లేదా అని చూస్తాం గానీ ఎంతవరకు ఉందో చూడం. అక్కడ దెబ్బ తగిలేది అందువల్లే.

ఇక సైన్సుకి వద్దాం. ఇదంతా దాని కోసమే మొదలుపెట్టాను.

యాకోబ్ బెర్నూలీ అని స్విట్జర్లాండ్ గణిత శాస్త్రజ్ఞుడు. ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1713లో, ఆయన పుస్తకం అచ్చయింది. అందులో ఒక సూత్రాన్ని రుజువు చేశాడు. ఒక్క నాణెం ఎగరేస్తే ఏం పడుతుందో చెప్పలేం. లక్షసార్లు ఎగరేస్తే బొమ్మలు దాదాపు సగం అని ధీమాగా చెప్పొచ్చు. బీమా వ్యాపారం ఈ సూత్రం మీదే నిలబడింది. లక్షమంది డ్రైవర్లున్న కంపెనీకి ఈ ఏడాది ఎన్ని ప్రమాదాలొస్తాయో ముందే ఇంచుమించుగా తెలుసు. ఎవరికొస్తుందో తెలియక్కర్లేదు. కానీ అమ్మలూ, ఆ సగటు కంపెనీదే, నీది కాదు. నీకున్నది ఒక్క జీవితం. నాణెం నీ దగ్గర ఒక్కసారే ఎగురుతుంది. "సగటున ఒక ప్రమాదానికి ఇంతే అవుతుంది, ఆ మాత్రం లిమిట్ చాలు" అనుకోవడం కంపెనీ లెక్కని మన ఇంటికి తెచ్చుకోవడమే.

పైగా ఈ నష్టాలు సగటు చుట్టూ బుద్ధిగా కూర్చోవు. మనుషుల ఎత్తులు తీసుకో, సగటుకి రెట్టింపు ఎత్తున్న మనిషి కనిపించడు. ప్రమాదాల ఖర్చు అలా కాదు. వందలో చాలావరకు బంపరు సొట్టలు. ఎక్కడో ఒకటి సగటుకి వంద రెట్లు ఉంటుంది. ఎందుకని? ఒక కారణం ఫిజిక్సులో దొరుకుతుంది. కదిలే బండిలో ఉండే శక్తి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఇక్కడ ఎస్పీ రోడ్డు మీద ప్యారడైజ్ వైపు గంటకు 40 కిలోమీటర్లతో పోతే అదే గొప్ప. మీ దగ్గర ఊళ్ల బయటి పెద్ద రోడ్ల మీద 75 మైళ్లు, అంటే 120 కిలోమీటర్లు, మామూలు. వేగం మూడు రెట్లు, శక్తి తొమ్మిది రెట్లు. ఆస్టిన్ దగ్గర్నుంచి సెగీన్ వైపు వెళ్లే 130 నంబరు టోల్ రోడ్డు మీద 85 మైళ్ల దాకా పోనిస్తారు. అంటే 137 కిలోమీటర్లు. అప్పుడు 11 రెట్లు దాటుతుంది. గంటకు 40తో గుద్దుకోవడం ఆరు మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానం. 137తో గుద్దుకుంటే దాదాపు 74 మీటర్లు, ఇంచుమించు 24 అంతస్తులు. ఆ శక్తి ఎక్కడికీ పోదు. ఇనుము నలగడానికి కొంత, ఎముకలు విరగడానికి కొంత. ఇక్కడి రోడ్ల మీద పడిన అలవాటుతో అక్కడి ప్రమాదాన్ని అంచనా వేయకూడదని అందుకే అంటున్నాను.

మరి లిమిట్ ఎంత పెట్టుకోవాలి? దీనికి మన ఊరి చరిత్రలోనే జవాబుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరదొచ్చింది. ఎగువన చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి, నీళ్లు ఊరి మీద పడ్డాయి. వేలమంది పోయారు. మరుసటి ఏడు నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచన మీదే మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో కట్టారు. మామూలు సెప్టెంబరు వానని చూసుకుంటే ఒక చిన్న కట్ట చాలు. ఆయన చూసింది మామూలు వానను కాదు, ఆ ఒక్కరోజు వచ్చిన నీళ్లను. నీ పాలసీ మీద ఉన్న అంకె కూడా కట్ట ఎత్తేనమ్మా. అంతవరకు నీళ్లు కంపెనీ వైపు ఆగుతాయి. అది దాటి పొర్లిందంతా నీ ఇంట్లోకి వస్తుంది. ఎత్తు నిర్ణయించేటప్పుడు మామూలు రోజుని కాదు, అలాంటి రోజుని తలుచుకోవాలి.

ఇంకో సంగతుంది, నన్నడిగితే ఇది అన్నిటికన్నా ముఖ్యం. లిమిట్ మూడింతలు చేస్తే ప్రీమియం మూడింతలు కాదు. ఎందుకో ఆలోచించండి. మొదటి 30 వేల పొర, గాయమైన ప్రతి ప్రమాదంలోనూ అంతో ఇంతో ఖర్చవుతుంది. 30 నుంచి 100 దాకా ఉన్న పొర కొన్నింట్లోనే తడుస్తుంది. 100 నుంచి 300 మధ్య పొర ఎప్పుడో గానీ తడవదు. ఎప్పుడో గానీ తడవనిదానికి కంపెనీ తీసుకునే ధరా తక్కువే. కట్ట అడుగున వేసే మట్టి ఖరీదు, పైన వేసే మట్టి చౌక. అంటే మనల్ని నిజంగా దివాలా తీయించే నష్టాన్ని ఆపే భాగమే అన్నిటికన్నా చవగ్గా దొరుకుతోందన్నమాట! చౌక పాలసీ తీసుకున్నవాళ్లు వదులుకునేది సరిగ్గా ఆ భాగాన్నే. ఆ రెండు పాలసీల ధరలూ పక్కపక్కన పెట్టి తేడా ఎంతో చూడు, నెలకి ఎంతవుతుందో ముగ్గురూ పంచుకోండి.

చట్టం అడిగే కనీసం ఉంది కదా, సర్కారు ఆలోచించే పెట్టి ఉంటుందిగా అంటున్నాడు మీ మామయ్య పక్కనుంచి. కాలిఫోర్నియా సంగతి వినమను. అక్కడ 1967లో 15/30/5 అని పెట్టారు. 2025 జనవరి 1న 30/60/15 చేశారు. నడుమ 57 ఏళ్లు కదల్లేదు. ఆ కాలంలో అమెరికాలో ధరలు తొమ్మిది రెట్లకు పైగా పెరిగాయి. 5 వేల డాలర్లతో 2024లో ఎవరి కారు బాగవుతుంది? ఫ్లోరిడాలో మామూలు కార్లకి ఎదుటివాళ్ల గాయాల బీమా తప్పనిసరే కాదు. న్యూహాంప్‌షైర్‌లో అసలు బీమాయే తప్పనిసరి కాదు. వర్జీనియా 2025లో 50/100/25కి పెంచింది. కనీసం అన్నది రోడ్డెక్కడానికి అనుమతి మాత్రమే, నీ అవసరానికి కొలత కాదు. చుట్టాలింటికి పక్క రాష్ట్రం వెళితే మాత్రం అంత భయం లేదు. అక్కడి కనీసం ఎక్కువైతే, మామూలు పాలసీలు ఆ ప్రయాణం వరకు దానంతట అవే అంత ఎత్తుకి లేస్తాయి.

ఇంత తక్కువ లిమిట్లతో తిరిగేవాళ్లు రోడ్ల మీద బోలెడంతమంది ఉన్నారంటే, ఇంకో అర్థం కూడా ఉంది కదా? వాళ్లు వచ్చి మిమ్మల్ని గుద్దితే మీకొచ్చేదీ అంతే. అసలు బీమాయే లేనివాడు గుద్దితే అదీ లేదు. అందుకని అన్ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవర్ అని విడిగా ఉంటుంది. టెక్సాస్‌లో కంపెనీ దాన్ని మీకు చూపించి తీరాలి, వద్దంటే మీరు రాతపూర్వకంగా వద్దనాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు గబగబా టిక్కులు పెట్టేస్తూ అక్కడే దాన్ని పోగొట్టుకుంటారు. నిదానంగా చదవండి. "ఫుల్ కవరేజ్" అన్నారని కూడా నిశ్చింతగా ఉండకండి. మీ సొంత కారు రిపేరు కూడా కలిపారని మాత్రమే ఆ మాటకి అర్థం, మొదటి మూడంకెలు అలాగే 30/60/25 ఉండొచ్చు.

వచ్చే వేసవికి మీ అమ్మానాన్నలు వస్తారు. నాన్న తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసుకెళ్లి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటానంటున్నాడు. తీసుకోనీ, ఏడాది పనిచేస్తుంది, మన లైసెన్సు పక్కన పెట్టుకుని చూపించాలి. కానీ అది నడపడానికి కాగితం, బీమా కాదు. మీ కారు మీద మీ అనుమతితో ఎప్పుడో ఒకసారి నడిపితే చాలా పాలసీలు ఒప్పుకుంటాయి. ఆరు నెలలు అదే ఇంట్లో ఉండి రోజూ నడిపే మనిషిని అవి అతిథిగా చూడవు, పేరు చేర్చమంటాయి. కొన్ని పాలసీల్లో పేరు లేనివాళ్లు నడిపితే లిమిట్ ఆ రాష్ట్ర కనీసానికి పడిపోతుంది. మీరు 100 అని కొనుక్కుని, నాన్న చేతిలో అది 30 అవుతుందన్నమాట. ఆయన విమానం ఎక్కక ముందే ఏజెంటుకి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకో.

మీ అమ్మ "ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాంగా, లక్ష డాలర్లు" అంటోంది. అది మీ ఒంటికి జబ్బు చేస్తేనో, దెబ్బ తగిలితేనో. వాటిలో చాలావాటికి పర్సనల్ లయబిలిటీ అని ఒక వరుస ఉంటుంది, చూసి సంతోషిస్తాం. కింద మినహాయింపుల్లో మోటారు వాహనాల వల్ల కలిగే నష్టం వర్తించదని రాసి ఉంటుంది. అద్దె కారు తీసుకున్నా ఇదే జాగ్రత్త. కౌంటర్ దగ్గర మొదట అంటగట్టే లాస్ డ్యామేజ్ వేవర్, ఆ కారుకి ఏదైనా అయితే మనల్ని అడగం అని కంపెనీ ఇచ్చే మాట. క్రెడిట్ కార్డుతో వచ్చే రక్షణ కూడా ఎక్కువగా ఆ కారుకే. ఎదుటి మనిషికి జరిగే నష్టానికి సప్లిమెంటల్ లయబిలిటీ అని వేరే ఉంటుంది. అది కొన్నిచోట్ల 3 లక్షల డాలర్లు, కొన్నిచోట్ల 10 లక్షలు. తమకంటూ కారు పాలసీ లేని మనుషులు కౌంటర్ దగ్గర కొనాల్సింది ముందు ఇదే. కారు పోతే కారు ఖరీదే పోతుంది, మనిషికి జరిగిన నష్టానికి అంతు ఉండదు.

లండన్‌లో ఉన్న మీ పెద్దమ్మ కొడుక్కి ఈ బాధ లేదు. అక్కడా మనలాగే మనుషుల గాయాలకి హద్దు లేదు, ఆస్తికి 12 లక్షల పౌండ్ల దాకా ఉండాలి. దుబాయ్‌లో కూడా ఒంటి మీది గాయాలకి కోర్టు ఎంతంటే అంత, ఆస్తికి 20 లక్షల దిర్హమ్‌లు. అయితే సెలవులకి కారులో ఒమన్ వెళ్లేవాళ్లు, పాలసీ అక్కడా చెల్లుతుందని చూపే ఆరెంజ్ కార్డు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే సరిహద్దు దగ్గరే ఆ పాలసీ ఆగిపోతుంది. మీరూ సరదాగా శాన్ ఆంటోనియో నుంచి కిందికి దిగి మెక్సికో వెళ్దామనుకుంటారేమో. మీ అమెరికా పాలసీ కెనడాలో పనిచేస్తుంది గానీ మెక్సికోలో పనిచేయదు. అక్కడి కంపెనీ బీమా విడిగా కొనాలి. లిమిట్ ఎంతున్నా ఆ సరిహద్దు దాటాక అది సున్నాయే.

నేపాల్‌లోని పశుపతినాథ్‌కి సొంత కారులో వెళ్తామని మన వీధి చివరింటివాళ్లు కూడా ప్లాన్ వేస్తున్నారట, సరిహద్దులోని సునౌలీ మీదుగా. మన పాలసీ భారతదేశం వరకే. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్ దాకా దాన్ని పొడిగించుకోవచ్చు. కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి ఎండార్స్‌మెంట్ రాయించుకోవాలి. సునౌలీ చేరాక కాదు, ఇక్కడ బండి తీయక ముందే. సాయంత్రం వెళ్లి వాళ్లకీ చెప్పి వస్తాను.